డిస్‌ఇంటర్మీడియేషన్ అంటే ఏంటి, మామిడి తోట ఉన్నవాళ్లకు అది ఎంతవరకు పనికొస్తుంది

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. తిరుపతిలో ఎంబీఏ చదువుతున్నారు, క్లాసులో డిస్‌ఇంటర్మీడియేషన్ అనే మాట వచ్చింది, అర్థం ఒక్క లైన్లో రాసుకున్నారు గానీ ఎక్కడ వాడాలో ఎక్కడ వాడకూడదో తెలీడం లేదు. దాంతోపాటు పాకాల పక్క మీ నాన్నగారికి ఆరెకరాల మామిడి తోట ఉంది, మండీకి, అంటే కమీషన్ మీద కాయ అమ్మిపెట్టే అంగడికి, వేయకుండా మనమే అమ్ముకుంటే ఎట్లుంటుంది అని అడిగారు. ఈ రెండూ ఒకటే ప్రశ్న, అందుకే కలిపి చెప్తా. నేను పదకొండేళ్లు దామలచెరువులో ఒక మామిడి మండీలో లెక్కలు రాశా, ఆ తర్వాత పద్నాలుగేళ్లుగా సొంత తోట చూసుకుంటా కొంత కాయ నేరుగా అమ్ముతున్నా. గల్లాపెట్టె పక్కనా కూర్చున్నా, ట్రాక్టరు మీదా కూర్చున్నా.

ముందు నేరుగా జవాబు. డిస్‌ఇంటర్మీడియేషన్ అంటే సరుకు గానీ డబ్బు గానీ సేవ గానీ ఉన్నవాడికీ, అది కావాల్సినవాడికీ మధ్యలో ఉన్న మనిషినో సంస్థనో తీసేసి, ఆ ఇద్దరూ నేరుగా లావాదేవీ చేసుకోవడం. మధ్యలో ఉన్నది దళారీ కావచ్చు, హోల్‌సేలర్ కావచ్చు, ఏజెంటు కావచ్చు, బ్యాంకు కూడా కావచ్చు. తెలుగులో మధ్యవర్తుల తొలగింపు అని రాస్తారు, మనం మామూలుగా దళారీ లేకుండా నేరుగా అమ్మడం అంటాం. మీ తోట సంగతికొస్తే, చేయొచ్చు గానీ అన్ని కాయలకూ కాదు, పైగా మీరు మొదట తీసేయాల్సింది మండీ అమ్మకాన్ని కాదు, మండీ అప్పుని. ఇది ఎందుకంటున్నానో కింద లెక్కతో సహా చెప్తా.

ఈ మాట కాయలు కూరగాయల దగ్గర పుట్టింది కాదు, బ్యాంకుల దగ్గర పుట్టింది. అమెరికాలో బ్యాంకులు డిపాజిట్లకు ఇంతకు మించి వడ్డీ ఇవ్వకూడదని ప్రభుత్వం పరిమితి పెట్టి ఉండేది, దాన్ని రెగ్యులేషన్ క్యూ అనేవాళ్లు, 1966లో హోమ్ లోన్లు ఇచ్చే పొదుపు సంస్థలకు కూడా అట్లాంటి పరిమితే పెట్టారు. ఆ రోజుల్లో బయట వడ్డీలు పెరిగిపోయాయి, బ్యాంకులో పెడితే తక్కువ, ట్రెజరీ బిల్లులు, అంటే ప్రభుత్వం కొద్ది నెలలకు అప్పు తీసుకునే పత్రాలు, కొంటే ఎక్కువ. జనం డబ్బు తీసేసి నేరుగా బిల్లులు కొనడం మొదలుపెట్టారు. డబ్బు దాచుకునేవాడికీ అప్పు తీసుకునేవాడికీ మధ్య బ్యాంకు అనే మధ్యవర్తి పక్కకు పోయింది కాబట్టి దానికి ఆ పేరు పెట్టారు. 1970లో ట్రెజరీ బిల్లు కనీస మొత్తాన్ని వెయ్యి డాలర్ల నుంచి పది వేలకు పెంచారు, చిన్న చిన్న పొదుపుదారులు బ్యాంకులు వదిలి పోకుండా. తర్వాత తర్వాత వ్యాపారం మొత్తానికీ ఈ మాట వాడేశారు. 1984లో మొదలైన డెల్ కంపెనీ డీలర్లు లేకుండా ఫోన్లో ఆర్డర్ తీసుకుని కంప్యూటర్ నేరుగా కొనేవాడికి పంపడం మేనేజ్‌మెంట్ పాఠాల్లో అందరూ చెప్పే ఉదాహరణ. మీ పరీక్షలో ఆ రెండు అర్థాలూ, బ్యాంకు అర్థం ముందు, సరుకుల అర్థం తర్వాత, రాయండి.

మన దేశంలో డబ్బు వైపు మంచి ఉదాహరణ మ్యూచువల్ ఫండ్ల డైరెక్ట్ ప్లాన్. ఫండ్లను నియంత్రించే సెబీ చెప్పడంతో 2013 జనవరి 1 నుంచి ప్రతి ఫండు కంపెనీ డైరెక్ట్ ప్లాన్ కూడా పెట్టాల్సి వచ్చింది, డిస్ట్రిబ్యూటర్ కమీషన్ ఉండదు కాబట్టి ఖర్చు తక్కువ. సరుకుల వైపు అయితే మన రైతు బజార్లు, ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలయ్యాయి, గుర్తింపు కార్డు ఉన్న రైతు తన కూరగాయలు తనే తెచ్చి అమ్ముకుంటాడు, ధర బోర్డు మీద రాసి ఉంటుంది.

తిరుపతిలో ఉంటారు కాబట్టి మీకు రోజూ కనపడే ఉదాహరణ ఇంకోటి ఉంది, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్. ఆధార్ నంబరు కొట్టి భక్తుడు తనే వెబ్‌సైట్లో తీసుకుంటాడు, మధ్యలో ఎవరి అవసరమూ లేదు. పుస్తకం ప్రకారం ఇది అచ్చంగా డిస్‌ఇంటర్మీడియేషన్. కానీ మా ఊర్లో పెద్దవాళ్లు ఆ టికెట్ కోసం నెట్ సెంటర్‌కు పోయి, బుక్ చేసినందుకు వాళ్లకు యాభయ్యో వందో ఇచ్చి వస్తారు, ఎందుకంటే టికెట్లు విడుదలైన కాసేపటికే అయిపోతాయి, ఫోన్లో అంత తొందరగా కొట్టడం వాళ్లకు రాదు. చూడండి, ఏజెంటు పోయాడు, కానీ ఫారం నింపే పని పోలేదు, ఆ పని చేసేవాడు కొత్తగా వచ్చాడు. నేను చెప్పబోయేదంతా ఈ విషయం చుట్టూనే.

ఎక్కడ వాడకూడదు: ఒక మండీ మాని ఇంకో మండీకి పోవడం డిస్‌ఇంటర్మీడియేషన్ కాదు. దళారీ ఫోన్లోకి ఎక్కినా కాదు. బస్టాండు దగ్గర హోటలుకు ఇంతకుముందు కస్టమర్ నేరుగా వచ్చేవాడు లేదా ఫోన్ చేసేవాడు, ఇప్పుడు యాప్‌లో ఆర్డర్ పెడుతున్నాడు, యాప్ కమీషన్ తీసుకుంటుంది. దీన్ని చాలామంది ఆన్‌లైన్ కాబట్టి డిస్‌ఇంటర్మీడియేషన్ అని రాసేస్తారు, తప్పు, ఇది తలకిందులు, లేని మధ్యవర్తి కొత్తగా వచ్చి కూర్చున్నాడు, దీన్ని రీఇంటర్మీడియేషన్ అంటారు. అట్లాగే ఇ-నామ్, మార్కెట్ యార్డులను కలిపి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఆన్‌లైన్ మార్కెట్, 2016 ఏప్రిల్లో మొదలైంది, అక్కడ వేలం ఆన్‌లైన్లో జరుగుతుంది గానీ కమీషన్ ఏజెంటు పూర్తిగా పోడు, కొనేవాళ్ల సంఖ్య పెరగడం దాని ఉద్దేశం. ఒక లింకు నిజంగా మాయమైతేనే ఈ మాట వాడండి.

ఇక తోట సంగతి. నేను మండీలో లెక్కలు రాసినప్పుడు బయటివాళ్లు మమ్మల్ని చూసి ఊరికే కూర్చుని నూటికి పది తింటున్నారు అనేవాళ్లు. కమీషన్ ఎక్కువే, తరుగు పేరుతో తూకంలో కోసేది ఇంకా అన్యాయం, అది నా చేత్తో రాశాను కాబట్టి చెప్తున్నా, ఇప్పటికీ ఆ పేజీలు గుర్తొస్తే మనసు బాగుండదు. కానీ ఊరికే కూర్చోవడం మాత్రం నిజం కాదు. రైతు ఎంత కాయ తెచ్చినా, ఏ సైజు తెచ్చినా, రాత్రి పదకొండుకు తెచ్చినా దించుకోవాలి. గ్రేడింగ్ చేయించాలి. చెన్నై, బెంగళూరు, ఉత్తరాది నుంచి వచ్చే కొనుగోలుదారును పట్టుకుని ఉండాలి, వాడు నెలకో రెండు నెలలకో డబ్బిస్తే రైతుకు ఆ వారంలోనే ఇవ్వాలి, వాడు ఎగ్గొడితే ఆ నష్టం మండీదే. అన్నిటికన్నా ముఖ్యం, డిసెంబరు జనవరిలో పూత టైముకు మందులు కొట్టడానికి అడ్వాన్సు ఇవ్వాలి. మండీ అంటే కాయల అంగడి అనుకుంటాం, నిజానికి అది సగం బ్యాంకు. మీరు దాన్ని తీసేస్తే ఈ పనులన్నీ మీ ఇంటిమీదకొస్తాయి. ఒక్కొక్కటీ ఎవరు చేస్తారో, ఎంత ఖర్చో రాసుకోకుండా దిగితే దెబ్బ తింటారు.

నేను మొదటిసారి బేనీషా, అంటే బంగినపల్లి, నేరుగా అమ్మిన ఏడాది లెక్క నా పుస్తకంలో ఉంది, ఉన్నదున్నట్టు చెప్తా. మండీలో ఆ వారం కేజీ 28. వంద కేజీలకు తరుగు ఐదు పోతే 95 కేజీలకు 2,660, అందులో కమీషన్ 266, హమాలీ, బండి బాడుగ కలిపి 200, చేతికొచ్చేది దాదాపు 2,200. అంటే కేజీకి 22. బెంగళూరులో అపార్ట్‌మెంట్లకు నేను పెట్టిన ధర కేజీ 80. యాభై ఎనిమిది రూపాయలు మిగులుతుందని నేనూ నా భార్యా ఎంత సంబరపడ్డామో చెప్పలేను.

జరిగింది ఇది. కోసిన వంద కేజీల్లో బాక్సులో పెట్టి పంపేంత శుభ్రమైన కాయ అరవై కేజీలే. మిగతా నలభై, మచ్చలున్నవి, చిన్నవి, మళ్లీ మండీకే పోయాయి, మంచి కాయ లేకుండా తెచ్చానని ధర తక్కువ కట్టారు, అన్నీ పోను కేజీకి 15 చొప్పున 600 వచ్చింది. ఆ అరవై కేజీలు గడ్డిలో మాగేస్తే ఆరు కేజీలు పోయాయి, 54 కేజీలు అమ్మితే 4,320. బాక్సు, పేపరు, గడ్డి కేజీకి 9, పార్సిల్ 11, ఏరి సర్దే కూలి 5, ఇంకా కాయ నలిగిందని పుల్లగుందని డబ్బు వెనక్కిచ్చినవి అన్నీ కలిపి ఖర్చు 1,566. మిగిలింది 2,754, దానికి మండీ 600 కలిపితే 3,354. మండీకే వేసుంటే వచ్చే 2,200తో పోలిస్తే వంద కేజీలకు పదకొండు వందల యాభై ఎక్కువ, అంటే కేజీకి పదకొండున్నర రూపాయలు, యాభై ఎనిమిది కాదు. ఆ ఏడాది నాలుగు టన్నులు అట్లా కోశాం, మొత్తం లాభం నలభై ఆరు వేలు. నేనూ నా భార్యా యాభై రోజులు దానిమీదే ఉన్నాం, పంచితే మనిషికి రోజుకు 460 పడింది. అంటే మేం సంపాదించింది లాభం కాదు, కూలి. మండీ చేసే పని మేం చేశాం, ఆ పనికి కూలి వచ్చింది.

అయినా నేను ఆపలేదు, రెండో ఏడాది కొన్నవాళ్లే మళ్లీ కొన్నారు, డబ్బు వెనక్కివ్వడం తగ్గింది, విడివిడిగా పార్సిల్ వేయడం మాని ఒక బండి మాట్లాడుకుని నాలుగు అపార్ట్‌మెంట్లకు ఒకే రోజు దించాం. ఇప్పుడు అది బాగా గిట్టుబాటవుతుంది. కానీ అక్కడికి చేరడానికి మూడు సీజన్లు పట్టింది. ఇంకో మాట, కాయ మాగేయడానికి కార్బైడ్ జోలికి పోవద్దు, నిషేధం ఉంది, ఆరోగ్యానికి చెడు, గడ్డిలో మాగేయండి లేదా ఎథిలీన్ ఛాంబర్ ఉన్నచోట ఇవ్వండి. మీ పేరుతో అమ్మేటప్పుడు కాయకు జవాబుదారీ మీరే, మండీ చాటున దాక్కోలేరు.

రెండో ఏడాది ఇంకో దెబ్బ కూడా తగిలింది. మంచి కాయ బయటికి పంపి ఏరివేత కాయ తెస్తున్నానని నేను కాయ వేసే మండీలో నా బండిని చివరికి నెట్టేవాళ్లు, వేలం అయిపోయాక ధర పలికేది. మీ పుస్తకంలో ఛానల్ కాన్‌ఫ్లిక్ట్ అని ఉంటుంది చూడండి, అది ఇదే. నేరుగా అమ్మకం మొదలుపెట్టిన ప్రతివాడికీ, పెద్ద కంపెనీకైనా సరే, పాత డీలర్ల నుంచి ఇది ఎదురవుతుంది. నేను దానికి చేసిందల్లా ముందే చెప్పేయడం, ఈ వరుస చెట్లు నేను ఉంచుకుంటా, ఈ వరుసలు మొత్తం కాయ మీకు, మంచీ చెడ్డా కలిపి. అప్పట్నుంచి గొడవ లేదు.

తోతాపురికి ఇదేమీ పనికిరాదు. మీ తోటలో ఎక్కువ తోతాపురే అయితే, మన జిల్లాలో ఎక్కువమందికి అంతే కదా, అది ఇంటింటికీ అమ్మే కాయ కాదు, గుజ్జు ఫ్యాక్టరీకి పోయే కాయ. అక్కడ మీరు తీసేయగలిగిన లింకు ఒక్క ర్యాంపు మాత్రమే, అంటే మధ్యలో కాయ కొని ఫ్యాక్టరీకి పంపేవాళ్ల కాటా. ర్యాంపులో వేస్తే ఫ్యాక్టరీ ధర కన్నా కేజీకి రూపాయో రెండో తక్కువ, కానీ అప్పటికప్పుడు కాటా వేసి దించుకుంటారు. 2025 సీజన్ గుర్తుందా, ధర పడిపోయి ఫ్యాక్టరీలు కేజీకి 8 ఇవ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అని చెప్పిన ఏడాది. ఆ 8 కోసం మా పక్క తోటాయన నేరుగా ఫ్యాక్టరీ గేటుకు పోయి ట్రాక్టర్ల వరసలో రెండు రాత్రులు నిలబడ్డాడు, ట్రాక్టరు బాడుగ పెరిగింది, కింద కాయ మెత్తబడింది. ఫ్యాక్టరీ టోకెన్ ముందే చేతిలో ఉంటేనే కోత పెట్టండి, లేకపోతే ఆ రూపాయి రెండు రూపాయలు వదులుకోవడమే మేలు.

టమాటా అయితే ఇంకో రకం. మా బావమరిది గుర్రంకొండ పక్క టమాటా పెడతాడు, మదనపల్లె మార్కెట్ మీద విసుగుతో తిరుపతిలో నాలుగు హోటళ్లతో ఏడాది పొడుగూ ఒకే ధర అని మాట్లాడుకున్నాడు. 2023 జులైలో మదనపల్లెలో కేజీ రెండొందల దగ్గరికి పోయింది. వారం రోజులు మాట మీద నిలబడి పాత ధరకే ఇచ్చాడు, తర్వాత ఇంట్లోవాళ్లు ఊరుకోలేదు, ఆపేశాడు. ధర పడిపోయినప్పుడు హోటళ్లూ అట్లాగే చేశాయి, మార్కెట్లో చవగ్గా దొరుకుతుంటే నీ దగ్గర ఎందుకు అన్నారు. పైగా రోజుకు వాళ్లకు కావాల్సింది ఆరు క్రేట్లు, కోత రోజు వచ్చేది నూట యాభై క్రేట్లు. నేరుగా అమ్మేటప్పుడు ధర పెరిగినా తగ్గినా ఎవరు ఎంత భరించాలో కాగితం మీద పెట్టుకోకపోతే ఆ ఒప్పందం ఒక్క సీజన్ కూడా నిలవదు.

మధ్యలో ఉన్నవాడిని తీసేయకుండా, ఆ మధ్యలో మనమే కూర్చోవడం అని ఇంకో దారి ఉంది, నాకు బాగా నచ్చిన దారి అదే. ఆనంద్‌లో 1946లో పాల రైతులు చేసింది అదే, కాంట్రాక్టర్లకు పోయడం మాని తమ సొంత సంఘానికి పోశారు, అదే అమూల్ అయింది. మన తిరుపతిలో 2014లో మొదలైన శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ కూడా అదే పద్ధతి, సభ్యులంతా ఆడవాళ్లే, వెన్నశాతం మిషన్లో చూసి డబ్బు బ్యాంకు ఖాతాలో వేస్తారు. పరీక్షలో ఇది డిస్‌ఇంటర్మీడియేషనా అని అడిగితే, బయటి దళారీ పోయాడు గానీ మధ్యలో సంస్థ ఉంది, దాని యజమాని మారాడు అని రాయండి.

ఇప్పుడు అప్పు సంగతి, మొదట్లో చెప్పాను కదా. మీ నాన్నగారు మండీ దగ్గర అరవై వేలు అడ్వాన్సు తీసుకున్నారనుకుందాం, జనవరి నుంచి జూన్ దాకా. కాయ మూడు లక్షలకు అమ్ముడుపోతే నూటికి పది చొప్పున కమీషన్ ముప్పై వేలు. అదే అరవై వేలు కిసాన్ క్రెడిట్ కార్డు మీద ఏడు శాతం వడ్డీకి తెస్తే ఆరు నెలలకు 2,100, టైముకు కడితే వడ్డీ ఇంకా తగ్గుతుంది. ముప్పై వేలూ వడ్డీయే అని అనను, అందులో అమ్మిపెట్టిన కూలి కూడా ఉంది. కానీ అడ్వాన్సు ఉన్నంతకాలం కాయ ఆ మండీకే వేయాలి, పక్క మండీలో రెండు రూపాయలు ఎక్కువ పలికినా తిప్పుకోలేం, తరుగు ఎక్కువ కోసినా నోరు మెదపలేం. నేను లెక్కలు రాసినన్నాళ్లూ గమనించింది ఇదే, అడ్వాన్సు లేని రైతు కాయకు కాటా దగ్గర మర్యాద వేరే ఉండేది. అందుకే మొదట అప్పు లింకు తెంచండి, అమ్మకం లింకు తర్వాత. అమెరికాలో ఆ మాట బ్యాంకుల దగ్గరే పుట్టింది అన్నాను కదా, మన మండీలో కూడా అది అక్కడి నుంచే మొదలవ్వాలి.

కాబట్టి మీరు చేయాల్సింది: ఈ ఏడాది మండీని వదలొద్దు. అడ్వాన్సు ఎంతుందో నాన్నగారిని అడగండి, పాసుపుస్తకం పట్టుకుని బ్యాంకుకు పోండి. బేనీషా గానీ ఇమామ్ పసంద్ గానీ ఉంటే మే నెలలో ఇరవై బాక్సులు, ఐదు కేజీలవి, మీ కాలేజీ సార్లకు, తెలిసినవాళ్లకు అమ్మి చూడండి, ప్రతి ఖర్చూ, మీ ఇద్దరి పని రోజులూ పుస్తకంలో రాయండి. ఎవరైనా తోటను పూత మీదే గుత్తకు ఇచ్చేయమంటే మాత్రం ఆగండి, అప్పుడు మీరు పరీక్షించడానికి కాయే ఉండదు.

చెట్లు ఎన్ని, అందులో తోతాపురి ఎన్ని, బేనీషా ఎన్ని, మండీ అడ్వాన్సు ఎంత, ఇవి రాయండి, మీ తోటకు లెక్క వేసి చెప్తా.